ఎలీసబెతు అను పేరు: వ్రాత, పలుకు, కాపరి బాధ్యత

ప్రవేశిక

కొంతకాలం క్రితం మంచిర్యాలలోని మా సంఘంలో ఒక పసిబిడ్డ బాప్తిస్మానికి ముందు చిన్న వివాదం వచ్చింది. బిడ్డ తాతగారు శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. కొడుకు, కోడలు ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నారు. పాప అక్కడే పుట్టింది, జనన పత్రంలో పేరు జర్మను పద్ధతిలోనే వ్రాయబడింది. కొడుకు ఆ పేరును ‘ఎలీజబెట్’ అని పలికాడు. మేనత్త ‘ఎలిజబెత్’ అనాలన్నది. నడుమ ‘ఎస్’ కాదు, ‘జడ్’ ఉండాలనీ, జర్మనీవాళ్లు తప్పు రాశారనీ ఆమె వాదన. మా యువ ఉపదేశకుడు బైబిలు తెరిచి, ‘ఎలీసబెతు’ తప్ప మరేదీ సరికాదన్నాడు. నాయనమ్మ మాత్రం ఇవేవీ పట్టించుకోక, “మా ఎలీసమ్మ” అంటూ పాపను ముద్దాడుతూ కూర్చుంది. చివరకు అందరూ నావైపు తిరిగి, “అయ్యగారూ, ఏది కరెక్టు?” అని అడిగారు.

ఇది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కాని బాప్తిస్మపు రిజిస్టరులో కలం పెట్టే ప్రతి కాపరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. కనుక ఈ నాలుగు అభిప్రాయాలను మూలభాషల వెలుగులో పరిశీలిద్దాం.

1. హెబ్రీ మూలము, గ్రీకు రూపము

పాత నిబంధనలో ఈ పేరు గలది అహరోను భార్య. మన తెలుగు బైబిలులో ఆమె ‘ఎలీషెబ’ (నిర్గమ 6:23). ‘ఏలీ’ అనగా నా దేవుడు. ‘షెబ’ అను ధాతువుకు ప్రమాణము, ఏడు అను అర్థాలున్నాయి. అందుచేత ‘నా దేవుడు ప్రమాణము చేసినవాడు’ అని సాధారణంగా వివరిస్తారు. ఏడు సంపూర్ణతకు గుర్తు గనుక ‘నా దేవుడు సమృద్ధి’ అని చెప్పేవారూ ఉన్నారు.

గ్రీకులో ‘ష’ ధ్వని లేదు. కనుక ఆ పేరు గ్రీకులోనికి ‘స’కారంతో వెళ్లింది, చివర ‘త’కారం చేరింది. గమనించవలసినదేమంటే, సెప్టువజింతులో అహరోను భార్యకు ఉన్న పేరే లూకా సువార్తలో జెకర్యా భార్యకు ఉన్నది. లూకా ఆమెను అహరోను కుమార్తెలలో ఒకతెగా పరిచయం చేస్తున్నాడు (లూకా 1:5). గ్రీకు పాఠకునికి వెంటనే మొదటి యాజకుని భార్య గుర్తుకు వస్తుంది. మనకు పాత నిబంధన హెబ్రీ నుండి, క్రొత్త నిబంధన గ్రీకు నుండి వచ్చినందున ‘ఎలీషెబ’, ‘ఎలీసబెతు’ రెండు వేర్వేరు పేర్లుగా కనబడతాయి. ఈ సంబంధాన్ని సంఘానికి చూపించడం బోధకుని పని.

మరొక సంగతి. ప్రాచీన గ్రీకు ప్రతులలో సైతం ఈ పేరు వ్రాత ఒక్క తీరుగా లేదు. వాటికాను ప్రతిలో రెండవ అచ్చును ఒక అక్షరంతో గాక రెండక్షరాలతో వ్రాశారు. లేఖనమును నకలు చేసినవారికే స్పెల్లింగు ఒక్కటి కాలేదన్నమాట.

2. జర్మను రూపము

జర్మను భాషలో రెండు అచ్చుల నడుమ వచ్చే ‘ఎస్’ను ‘జ’కు దగ్గరగా పలుకుతారు. ‘టీ హెచ్’ కలిసి వచ్చినా ‘ట’ అనే పలుకుతారు. ఊనిక రెండవ అక్షరం మీద పడుతుంది. అందుకే అది ‘ఎలీజబెట్’. కాబట్టి కొడుకు పలికింది సరైనదే, జర్మనీవారు తప్పు వ్రాయలేదు.

అక్కడ కూడా చివరి ‘హెచ్’ విషయంలో రెండు పద్ధతులున్నాయి. బైబిలు పేర్లను కతోలికులు, ప్రొటెస్టెంటులు ఒకే తీరుగా వ్రాయాలనే ఉద్దేశంతో 1971లో లోక్కుమ్ మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి. వాటిననుసరించిన ఐక్య అనువాదంలో ‘హెచ్’ లేదు. లూథరు బైబిలు మాత్రం పాత వ్రాతనే నిలుపుకొంది. రెంటినీ ఒకే తీరుగా చదువుతారు.

జర్మనీలో ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి తురింగియ ఎలీసబెతు (1207–1231) ఒక కారణం. హంగేరీ రాజకుమార్తెయై ఉండి, మార్బుర్గులో రోగులకు సేవచేసి 24 ఏళ్లకే మరణించింది. 1527 డిసెంబరులో పుట్టిన తన మొదటి కుమార్తెకు మార్టిన్ లూథరు ఈ పేరే పెట్టాడు. 8 నెలలైనా నిండకముందే 1528 ఆగస్టులో ఆ బిడ్డ చనిపోయింది. లీజా, ఎల్జా, ఎలీజే, బెట్టీనా మొదలైనవన్నీ ఈ పేరు నుండి పుట్టిన ముద్దుపేర్లే.

3. ఆంగ్ల రూపము

మేనత్త చెప్పిన ‘జడ్’ నేటి ఆంగ్ల వాడుక. అది తప్పు కాదు, కాని అదొక్కటే ఒప్పు కూడా కాదు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం లూకా సువార్తలో ఈ పేరును ‘ఎస్’తోనే వ్రాసింది.

4. తెలుగు నోట

‘ఎలీసబెతు’ అనే రూపాన్ని కొందరు పాతకాలపు తప్పుగా భావిస్తారు. నిజానికి గ్రీకులోని ‘స’కారం, ‘త’కారం ఇందులోనే నిలిచాయి. ‘ఎలిజబెత్’ ఆంగ్లం ద్వారా వచ్చినది. తెలుగు అజంత భాష గనుక పేతురు, పౌలు, తీతు అన్నట్లే దీని చివర ఉకారం చేరింది.

ఇక నాయనమ్మ ‘ఎలీసమ్మ’ సంగతి. పేరును కుదించి ‘అమ్మ’ చేర్చడం మన భాష గౌరవమిచ్చే పద్ధతి. మరియను మరియమ్మ అనలేదా? కతోలిక సహోదరులలో జేవియరు పేరు తమిళం మీదుగా వచ్చి శౌరి, శౌరయ్య అయింది. 1999లో ఏర్పడిన ఆదిలాబాదు సిరోమలబారు మేత్రాసనం వలన మన ప్రాంతానికి పరిచయమైన కేరళ విశ్వాసులలో ఇదే పేరు ‘ఏలీశ్వా’గా వినబడుతుంది. అది సిరియా భాష నుండి వచ్చినది గనుక హెబ్రీ రూపానికి మనకంటె దగ్గర. ఏ జనుల నోట పడితే ఆ జనుల రూపం దాల్చడం ఈ పేరుకు మొదటినుండి ఉన్నదే.

ఉచ్చారణను బట్టి మనిషిని తక్కువ చేయడం ఎక్కడికి దారితీస్తుందో న్యాయాధిపతులు 12:6 చెబుతుంది. ‘షిబ్బోలెతు’ పలకలేక ‘సిబ్బోలెతు’ అన్నందుకు యొర్దాను రేవులయొద్ద ఎఫ్రాయిమీయులను చంపారు. ఆ కాలమున 42,000 మంది కూలిపోయారు.

5. నేను చేసిన పొరపాటు

ఈ మాట ఇతరులకు చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. పరిచర్య ఆరంభంలో ఒక గని కార్మికుడు తన కుమార్తెను బాప్తిస్మానికి తెచ్చి ‘ఎలీసమ్మ’ అని చెప్పాడు. బి.డి. ముగించుకొని వచ్చిన ఉత్సాహంలో నేను ఆయనను అడగకుండానే రిజిస్టరులో ‘ఎలీసబెతు’ అని సరిదిద్ది వ్రాశాను. బడిలో పంతులుగారు ‘ఎలిజబెత్’ అని వేశారు. తండ్రి తన ఉద్యోగపు కాగితాలలో ‘ఎలీసమ్మ’ అనే వ్రాయించాడు.

ఏళ్లు గడిచాయి. తండ్రి చనిపోయాక, ఆయన తాలూకు రావలసిన డబ్బు కోసం ఆ అమ్మాయి ఒక కార్యాలయానికి వెళితే, ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు తెమ్మన్నారు. అఫిడవిట్లు, నోటరీ, సాక్షులు అంటూ నెలల తరబడి తిరిగింది. నేను ఇచ్చిన బాప్తిస్మపు పత్రం ఆమెకు సాయపడలేదు సరికదా, అడ్డు తగిలింది. “అయ్యగారూ, మా నాయిన పెట్టిన పేరు మీరెందుకు మార్చిన్రు?” అని ఆమె అడిగిన ప్రశ్నకు నావద్ద జవాబు లేదు.

6. కాపరి చేయదగినవి

వేదిక మీద లేఖనము చదివేటప్పుడు తెలుగు బైబిలులో ఉన్నట్లే చదవాలి. రిజిస్టరులో మాత్రం తలిదండ్రులు చెప్పినట్లే వ్రాయాలి. వ్రాసినది వారికి చదివి వినిపించి, చదువురానివారైతే మరొకసారి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి.

బాప్తిస్మానికి గాని ప్రతిష్ఠకు గాని ముందే జనన పత్రం చూపించమని అడగాలి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం క్రింద పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆపైన 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారం, ఆనాటి నుండి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం మొదలు పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జనన పత్రమే ఆధారం. కనుక మన రిజిస్టరు దానికి భిన్నంగా ఉండరాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం క్రింద వివాహాలు జరిపించే కాపరులు వధువు పేరు వ్రాసేటప్పుడు కూడ ఇదే జాగ్రత్త వహించాలి.

ముగింపు

ఎలీసబెతు జీవితంలోనే పేరు గూర్చిన వివాదం ఒకటుంది (లూకా 1:59–63). ఇరుగుపొరుగువారు, బంధువులు బిడ్డకు తండ్రి పేరు పెట్టబోతే తల్లి ఒప్పుకోలేదు, యోహాను అనాలని నిలిచింది. జెకర్యా పలక తెప్పించుకొని ఆమె చెప్పిన పేరే వ్రాశాడు. నోరు మూయబడిన యాజకుడు తన స్వంత పాండిత్యమేమీ చేర్చలేదు.

ఆ రోజు మా సంఘంలో నేను చేసినదీ అంతే. తల్లిని అడిగాను. జర్మనీ పత్రంలో ఉన్న అక్షరాలనే రిజిస్టరులో ఎక్కించి, ప్రక్కన ఆమె చెప్పినట్లు తెలుగులో ‘ఎలీజబెట్’ అని వ్రాసి చదివి వినిపించాను. బాప్తిస్మమిచ్చేటప్పుడు ఆ పేరుతోనే పిలిచాను. ఆరాధన ముగిశాక నాయనమ్మ “ఎలీసమ్మా” అని పిలిస్తే పాప తల తిప్పి చూసింది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుస్తాడని యోహాను 10:3లో చదువుతున్నాము. గొఱ్ఱె ఏ పేరుకు తల తిప్పుతుందో కాపరి ఎరిగి ఉండాలి.