బొంబాయిలో పుట్టిన పడవ లోకాన్ని చుట్టింది

ఒక్క మనిషితో, ఏ రేవులోనూ ఆగకుండా, గాలినే నమ్ముకుని భూమిని చుట్టివచ్చిన మొట్టమొదటి పడవ తయారైంది మన దేశంలోనే. పేరు ‘సుహైలీ’. పొడవు 32 అడుగులు. బొంబాయి కొలాబాలో మన వడ్రంగులు టేకు చెక్కను బాడిసెతో చెక్కి, చేతి బరమాతో తొలిచి దాన్ని కట్టారు. కట్టించుకున్నవాడు వాణిజ్య నౌకల్లో ఉద్యోగం చేసే ఇంగ్లీషు కుర్రాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్.

1968 జూన్ 14న అతను ఇంగ్లండులోని ఫాల్మౌత్ నుంచి బయల్దేరాడు. ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెం అది. మొత్తం 9 మంది పోటీదారులు. అట్లాంటిక్‌లో ఉండగానే పలకల సందుల్లోంచి నీళ్లు కారడం మొదలైంది. సుత్తి పట్టుకుని పడవ కిందికి దూకి, ఊపిరి బిగబట్టి సందుల్లో దూది కూరాడు. మధ్యలో సొర చేప వచ్చి చుట్టూ తిరుగుతుంటే, దాన్ని తుపాకీతో కాల్చి, మళ్లీ దిగి పని పూర్తిచేశాడు. ఆ తర్వాత రేడియో మూగబోయింది. పడవను దారి తప్పకుండా నడిపే పరికరం విరిగింది. న్యూజిలాండ్ దాటాక నాలుగు నెలలకు పైగా అతని జాడ ఎవరికీ తెలియలేదు. 1969 ఏప్రిల్ 22న, 312 రోజుల తర్వాత, అదే ఫాల్మౌత్ చేరాడు. వెళ్లేముందూ వచ్చాకా మానసిక వైద్యుడు పరీక్షించి, రెండుసార్లూ మనిషి మామూలుగానే ఉన్నాడని తేల్చాడట! నాకు అన్నిటికంటే పెద్ద వింత అదే.

తొమ్మిది మందిలో గమ్యం చేరింది అతనొక్కడే. ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ మోటెసియే గెలుపు అందేంత దూరంలో ఉండగా పందెం వద్దనుకున్నాడు. ఆ కబురు రాసి ఒక ఓడ మీదికి వడిసెలతో విసిరి, తాహితీ దీవికి సాగిపోయాడు. డొనాల్డ్ క్రౌహర్స్ట్‌ది కన్నీటి కథ. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, లోకం చుట్టేస్తున్నట్టు రేడియోలో తప్పుడు లెక్కలు పంపాడు. అతను వెనక తరుముకొస్తున్నాడనుకుని నైజెల్ టెట్లీ తన పడవను విశ్రాంతి లేకుండా పరుగెత్తించగా, అది ఇంటికి చేరువవుతుండగా మునిగింది. టెట్లీ బతికాడు. క్రౌహర్స్ట్ పడవ మాత్రం జులైలో మనిషి లేకుండా తేలుతూ కనిపించింది. నాక్స్-జాన్‌స్టన్ తనకు దక్కిన 5,000 పౌండ్ల బహుమతినీ క్రౌహర్స్ట్ భార్యాపిల్లలకు ఇచ్చేశాడు.

ఆయన సముద్రాన్ని వదల్లేదు. 1994లో పీటర్ బ్లేక్‌తో కలిసి ‘ఎన్జా’ పడవలో 74 రోజుల్లో లోకం చుట్టి, అత్యంత వేగంగా చుట్టినవారికి ఇచ్చే జూల్ వెర్న్ ట్రోఫీ అందుకున్నారు. 68 ఏళ్ల వయసులో మళ్లీ ఒంటరిగా భూమిని చుట్టే పందెం పూర్తిచేశారు. 75 ఏళ్ల వయసులో అట్లాంటిక్ దాటే రూట్ డు రమ్ పందెంలో తన తరగతిలో మూడో స్థానం సాధించారు.

వేగం సంగతికొస్తే, 2017లో ఫ్రాన్సిస్ జోయాన్ బృందానికి 41 రోజులు కూడా పట్టలేదు. ఒంటరివాళ్ల పందెం వాండే గ్లోబ్‌ను 2025 జనవరిలో షార్లీ దలాఁ 64 రోజుల 19 గంటల్లో ముగించాడు. ఇప్పటి పందెం పడవల్లో చాలావాటికి పక్కన రెక్కలుంటాయి. వేగం అందుకోగానే అవి పడవను నీటి మీదికి లేపుతాయి.

ఈ పందేల్లో నేను తలవంచేది మాత్రం వేగానికి కాదు. 1996 క్రిస్మస్ వేళ తుపానులో పీట్ గాస్ వెనక్కి తిరిగి, గాలికి ఎదురెళ్లి రఫాయెల్ దినెల్లీని రక్షించాడు. 2009లో కేప్ హార్న్ దగ్గర తలకిందులైన పడవలోంచి జాఁ ల కామ్‌ను వాంసాఁ రియూ కాపాడాడు. ఆ ప్రయత్నంలో తగిలిన దెబ్బతో తన తెరచాప కొయ్యనే పోగొట్టుకున్నాడు. 2020లో పడవ రెండు ముక్కలైన కెవిన్ ఎస్కోఫియేను చీకట్లో వెతికి పట్టుకున్నవాడు అదే ల కామ్, 61 ఏళ్ల వయసులో.

మన దేశపు నావికుడు అభిలాష్ టామీ గోవాలో తయారైన ‘తురియా’ పడవలో, 2018లో మళ్లీ జరిగిన గోల్డెన్ గ్లోబ్‌కు వెళ్లాడు. తుపానులో వెన్నెముక విరిగి, నడిసముద్రంలో కదల్లేక పడుంటే, మూడోరోజు ఫ్రెంచి నౌక ‘ఒసిరిస్’ కాపాడింది. అదే మనిషి తర్వాతి పందెంలో, 2023 ఏప్రిల్‌లో, రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్‌ది. ఒంటరిగా లోకం చుట్టే పందెం గెలిచిన మొదటి మహిళ ఆమే. దారిలో ఆగి, పడవ మునిగిన తాపియో లెహ్టినెన్‌ను రక్షించి మరీ గెలిచింది.

పందెం కాకపోయినా ఇంకొకటి చెప్పాలి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ పడవలో బయల్దేరి 254 రోజుల్లో లోకం చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో ఇద్దరు మన తెలుగు ఊళ్లవాళ్లే: విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్పే క్లబ్బులున్నాయి. మీ పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి.