ధరల పటములును బొమ్మ బొరుసును

బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టో నాణెముల ధర యెప్పుడు పెరుగునో, యెప్పుడు తగ్గునో పటమును జూచి చెప్పవచ్చునా యని మా పై తరగతుల విద్యార్థులు కొందఱు మమ్మడుగుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండనివారికి మన దేశపు క్రిప్టో సంస్థలలో ఖాతా లభింపదు. కనుక వారు చూచు ఫోను పెద్దలది, పోవు సొమ్మును పెద్దలదే. కావున తల్లిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక.

పటమును చదువుట కష్టము గాదు. అడ్డముగా కాలమును, నిలువుగా ధరను గుర్తింతురు. దినమునకో గంటకో యొక కొవ్వొత్తివంటి గుర్తుండును. దాని లావైన భాగమున కొక కొన ఆరంభపు ధర, రెండవ కొన ముగింపు ధర. పైకిని క్రిందికిని పొడుచుకొని వచ్చిన వత్తులు ఆ వ్యవధిలో ధర తాకిన మిక్కిలి ఎక్కువ తక్కువలను దెలుపును. పెరిగినచో పచ్చ, తగ్గినచో ఎఱుపు రంగు వేయుట వాడుక. ఇది జపానుదేశపు బియ్యపు వర్తకమునుండి వచ్చిన పద్ధతి. ఒసాకా నగరమందలి దోజిమా బియ్యపు విపణికి అచ్చటి ప్రభుత్వము 1730లో అనుమతి యిచ్చెను. సకాటా పట్టణపు వర్తకుడు హొమ్మా మునెహిసా యీ పద్ధతికి మూలపురుషుడని చెప్పుదురు.

ఈ గుర్తుల వరుసలో కొన్ని ఆకారములు కనబడును. మూడు శిఖరములుండి నడిమిది ఎత్తుగా నున్నచో దానిని తల భుజములందురు. అటుపిమ్మట ధర పడునని నమ్మకము. ధర యొకే లోతునకు రెండుమాఱులు దిగి లేచినచో ఇక పెరుగునందురు. ఇందు కొంత యుక్తి లేకపోలేదు. మునుపు చౌకగా కొనలేకపోయినవారు ఆ ధర మరల రాగానే కొందురు గదా!

అయినను విద్యార్థు లొక పని చేసి చూడవలెను. గ్రాఫు కాగితముపై 100 అను చోట చుక్క పెట్టి, రూపాయి నాణెము నెగురవేయుడు. బొమ్మ పడిన నొక గడి పైకి, బొరుసు పడిన నొక గడి క్రిందికి గీత గీయుడు. రెండువందల మాఱులు చేసినచో శిఖరములు, లోయలు, ఒక్కొక్కప్పుడు చక్కని తల భుజములును అందు గానవచ్చును. నాణెమునకు భుజము లెక్కడివి? చికాగో విశ్వవిద్యాలయపు హ్యారీ రాబర్ట్స్ 1959లో యాదృచ్ఛిక సంఖ్యలతో నిట్టి పటములను గీయగా, అవి షేరు విపణి పటములను పోలియుండెను. మబ్బులలో ఏనుగును జూచు కన్నే యిచ్చటను పనిచేయుచున్నది. మఱియు ఆకారము పూర్తియైన పిమ్మటనే దానికి పేరు పెట్టుదుము. సగములో చెడిపోయినవాని నెవ్వరును లెక్కింపరు.

క్రిప్టో నాణెములలో వేఱు ప్రమాదములును గలవు. 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లు పలికిన బిట్‌కాయిన్, ఏడాది తిరుగకమునుపే 16,000కు దిగెను. శిఖరమున 1,000 రూపాయలు పెట్టినవానికి అప్పుడు మిగిలినది సుమారు 230. అది మరల 1,000 కావలెనన్న ధర నాలుగింతలకు మించి పెరుగవలెను. లూనా అను నాణెము సంగతి యింకను ఘోరము. 2022 మే నెల మొదటి వారమున 80 డాలర్ల ప్రాంతమున నున్నది, ఆ నెల నడుమకు ఒక సెంటైనను పలుకలేదు. దానితో ముడివడి డాలరు విలువను నిలుపవలసిన వేఱొక నాణెము జాఱిపోగా, దానిని నిలుపుటకై లూనాలను అంతులేక సృష్టించిరి. ఈ కారణము ఏ కొవ్వొత్తిలోను గానరాదు. అట్లే ఆ సంవత్సరము నవంబరులో ఎఫ్‌టీఎక్స్ సంస్థ దివాలా తీసినప్పుడు, ధర యెంతయున్నను, తమ సొమ్మును తీసికొనుటకు ఖాతాదారులకు వీలులేకపోయెను.

అరువుతో వ్యాపారము చేయువారి లెక్క మఱియు కఠినము. 1,000 రూపాయలుంచి పదింతల బేరము చేసినవాడు 10,000 విలువకు బాధ్యుడగును. ధర నూటికి పది తగ్గినచో వాని 1,000 పూర్తిగా పోవును. ఈ విపణికి రాత్రి లేదు, ఆదివారము లేదు. నిద్రలేచి చూచునప్పటికి సంస్థయే బేరమును ముగించివేసియుండును. పటము మరునాడు పైకి లేచినను వానికి ప్రయోజనము లేదు.

ఇక పన్ను. 2022 ఏప్రిలు 1 నుండి మన దేశమున నిట్టి లాభముపై నూటికి 30 వంతులు చెల్లింపవలెను. ఒక నాణెపు నష్టమును వేఱొక దాని లాభమునుండి తీసివేయరాదు. ఒకదానిలో 10,000 రూపాయలు గడించి, వేఱొకదానిలో 10,000 పోగొట్టుకొన్నవానికి చేతిలో మిగిలినది సున్న. అయినను వాడు 3,000 రూపాయల పన్నును, దానిపై సెస్సును కట్టవలసియుండును.