ముట్లుడుగు వయస్సు – పనిచేయు చోటు

స్త్రీకి వరుసగా 12 మాసములు ముట్టు రాకపోయి, అందుకు గర్భము గాని, జబ్బు గాని, మందు గాని కారణము కానప్పుడు ముట్లుడిగినవని వైద్యులు నిర్ణయింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ ఏట జరుగును. మన దేశములో 46, 47 ఏండ్లకే జరుగును. ఇది రోగము కాదు, శరీరధర్మము. అయితే ఉద్యోగములో అనుభవము పండు వయస్సు కూడ ఇదియే. ఉపాధ్యాయిని, నర్సు, మిల్లు కార్మికురాలు, వ్యవసాయ కూలీ – అందరును పనిలో ఉండగానే ఈ మార్పును దాటవలెను. కనుక దీనిని ఇంటి విషయమని వదలివేయుటకు వీలులేదు.

అండములు తరుగుట

ఆడశిశువు పుట్టునప్పటికి ఆమె అండాశయములలో 10 నుండి 20 లక్షల వరకు పక్వముకాని అండము లుండును. రజస్వల అగునప్పటికి 3, 4 లక్షలు మాత్రమే మిగులును. తరువాత నెలకొకటి చొప్పున పక్వమై విడుదల కాగా, అంతకంటె ఎన్నో రెట్లు వాటంతట అవే క్షీణించును. అవి సుమారు 1,000కి తగ్గునప్పటికి, అండాశయములు ఈస్ట్రోజెన్ అను హార్మోనును తగినంత తయారుచేయజాలవు. ముట్లు ఆగుటకు కొన్ని ఏండ్ల ముందునుండియే ఈ హార్మోను హెచ్చుతగ్గులగుచుండును. ఆ కాలములో ముట్లు క్రమము తప్పును. కొందరికి రక్తస్రావము అధికమగును.

వేడి ఆవిర్లు

విద్యుత్తు ఇస్త్రీపెట్టెలో ఉష్ణనియంత్రకము ఉండుట విద్యార్థు లెరుగుదురు. మన మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్ అట్టి పనియే చేయును. శరీరపు వేడి పై హద్దు దాటినచో చెమట పట్టించును. క్రింది హద్దు దాటినచో వణుకు పుట్టించును. ఈ రెంటి నడుమ కొంత ఎడము ఉండుటచేత చిన్న మార్పులు మనకు తెలియవు. ఈస్ట్రోజెన్ తగ్గినపుడు, అంతవరకు దాని అదుపులోనున్న కొన్ని నాడీకణములు అతిగా ప్రేరేపించుటవలన ఆ ఎడము మిక్కిలి ఇరుకగును. అప్పుడు డిగ్రీలో స్వల్పభాగము వేడి పెరిగినను, మెదడు ప్రమాదమని తలచును. చర్మములోని రక్తనాళములు విప్పారును. ముఖము, మెడ, ఛాతీ వేడెక్కి చెమట కారును. కొద్ది నిమిషములలో అది తగ్గి చలి వేయును. ఇవి రాత్రివేళ వచ్చినచో నిద్ర చెడును. మరునాడు మతిమరపు, విసుగు, అలసట కలుగును. చూచువారు దానిని అశ్రద్ధ యని పొరబడుట కద్దు.

చోటును మార్చుట

ఇరుకైన హద్దును స్త్రీ తన పట్టుదలచేత వెడల్పు చేయజాలదు. ఆమె చుట్టునున్న వేడిని తగ్గించుట మాత్రము సాధ్యము. కిటికీ ప్రక్కనో, పంఖా క్రిందనో ఆసనము, చేరువలో మంచినీరు, గాలి ఆడు నూలు దుస్తులు ధరించుటకు అనుమతి – వీటికి పెద్ద ఖర్చు లేదు. రక్తస్రావము అధికముగా నున్నవారికి దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, పని మధ్యలో లేచి పోవు వీలు అవసరము. నిద్ర చెడినవారికి రాత్రి డ్యూటీ తగ్గించిన మేలు. అన్నిటికంటె ముందు, ఆమె అవమానము లేకుండ చెప్పుకొనుటకు ఒకరు ఉండవలెను.

బ్రిటనులో ఈ విషయము చట్టమువరకు వచ్చినది. ముట్లుడుగుటకు సెలవు నిచ్చు పద్ధతిని ప్రయోగాత్మకముగా పరీక్షింపవలెనని 2022లో పార్లమెంటు సభ్యుల సంఘము సిఫారసు చేయగా, ప్రభుత్వము 2023లో అంగీకరింపలేదు. కాని ఆ ఏడే అక్కడి ప్రమాణముల సంస్థ యజమానులకొరకు ఒక ప్రమాణపత్రమును ప్రకటించినది. ఈ బాధలు దీర్ఘకాలముండి నిత్యకృత్యములకు గట్టి ఆటంకమైనచో, 2010 నాటి సమానత్వ చట్టము క్రింద అంగవైకల్యముగా పరిగణింపబడవచ్చుననియు, అప్పుడు పనిచోట తగిన మార్పులు చేయుట యజమాని విధి యనియు 2024లో సమానత్వ, మానవహక్కుల కమిషను స్పష్టపరచినది.

తెలుగు నాట

మనకు ఈ సమస్య మరియొక రూపమున నున్నది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3 గురు కాగా, తెలంగాణలో సుమారు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. గర్భసంచిని మాత్రమే తీసినచో ముట్లు ఆగును గాని, అండాశయములు హార్మోనును తయారుచేయుచునే యుండును. అండాశయములను కూడ తీసినచో, ఏండ్లమీద రావలసిన మార్పు కొద్దిదినములలో వచ్చి పడును, బాధ తీవ్రమగును, ఎముకలు త్వరగా బలహీనపడును. అట్టి స్త్రీ ఎండలో నాట్లు వేయుచు, కలుపు తీయుచు నుండవచ్చును. గాలి, మంచినీరు, మరుగుదొడ్డి యజమాని ఏర్పరుపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించినను, ఆ నియమములు పొలముగట్టు వరకు పోలేదు.

బాధ ఎక్కువగా నున్నవారు వైద్యుని చూడవలెను. హార్మోను చికిత్స అనేకులకు గుణమిచ్చును. రొమ్ము కాన్సరు వచ్చినవారికి సాధారణముగా ఈయరు. హార్మోను లేని మందులు కూడ కలవు. ముట్లుడిగిన ఏడాది తరువాత మరల రక్తము కనిపించినచో, అది కొద్దియైనను వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

జీవశాస్త్ర పాఠములో రజస్వల అగుటను చెప్పు ఉపాధ్యాయులు ముట్లుడుగుటను కూడ చెప్పినచో, బాలబాలికలు తమ తల్లి నిద్రలేమిని, చిరాకును సరిగా అర్థము చేసికొందురు. రేపు వారిలో కొందరు యజమానులు, అధికారులు, ప్రధానోపాధ్యాయులు అగుదురు.