గడప వద్ద క్రమశిక్షణ

గృహజీవనంలో గడపకు మన పెద్దలు ఇచ్చిన గౌరవం అందరికీ తెలిసినదే. గడపకు పసుపు పూయడం, ముంగిట కళ్ళాపి చల్లి ముగ్గు వేయడం తెలుగింటి ఆచారం. దహ్లీజ్ వద్ద పాదరక్షలు విడిచి, సలాం చెప్పి లోనికి అడుగిడడం ముస్లిం గృహాల మర్యాద. భాషలు రెండైనా భావం ఒక్కటే. వీధి వేరు, ఇల్లు వేరు. ఆ రెంటి నడుమ మనిషి ఒక్క క్షణం నిలువవలెను. హైదరాబాదులోని నవాబుల భవనాలను ‘దేవిడీ’లని పిలవడం కూడా ద్వారమని అర్థమిచ్చే ‘డ్యోఢీ’ అనే మాట నుండి వచ్చినదే. ద్వారం పేరే భవనమంతటికీ పేరైనది.

పాత ఇళ్ళలో ఈ నిలుపునకు తగిన ఏర్పాట్లు ఉండేవి. కూర్చుండుటకు అరుగు, చెప్పులు విడుచుటకు వసారా, దీపం పెట్టుటకు గోడలో గూడు, కండువా తగిలించుటకు చిలక కొయ్య, కాళ్ళు కడుగుకొనుటకు ముంగిట నీళ్ళ తొట్టి ఉండేవి. గూటిని ఉర్దూలో తాఖ్ అనీ, చిలక కొయ్యను ఖూంటీ అనీ, కాళ్ళు తుడుచుకునే పట్టాను పాయందాజ్ అనీ అంటారు. ఈ మాటలన్నీ మన రెండు భాషలలోనూ ఉన్నవి. లేనిది నేటి చిన్న ఇంటిలో వాటికి చోటు మాత్రమే.

గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ వంటి చోట్ల రెండు గదుల ఇళ్ళలో తలుపు తెరిస్తే నేరుగా ముందు గదిలోనే అడుగు పడుతుంది. ఆ గదిలోనే అతిథి కూర్చుంటాడు, పిల్లలు చదువుకుంటారు, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రిస్తాడు. బూట్లు, టోపీ, టిఫిన్ క్యారియరు, పుస్తకాల సంచులు, గొడుగు, బియ్యం సంచి అన్నీ ఆ ద్వారం గుండానే వచ్చి, వచ్చిన చోటనే పడి ఉంటాయి. ఇది కేవలం అందచందాల విషయం కాదు. బొగ్గు గనుల ప్రాంతంలో దీనితో ఆరోగ్యం, విశ్రాంతి, స్త్రీల శ్రమ ముడిపడి ఉన్నవి.

మొదట ధూళి సంగతి చూద్దాము. పని బట్టలతో, బూట్లతో బొగ్గు పొడి ఇంటికి వస్తుంది. దానిని లోపల దులిపితే పరుపు మీదికి, నీళ్ళ కుండ మీదికి చేరుతుంది. ఈ సమస్య ప్రపంచంలోని గని కార్మికుల ఇళ్ళన్నింటికీ ఉన్నదే. 1919లో బ్రిటన్‌లో బొగ్గు పరిశ్రమపై ఏర్పడిన శాంకీ కమిషన్ ఎదుట వేల్స్ దేశానికి చెందిన ఎలిజబెత్ ఆండ్రూస్ సాక్ష్యమిచ్చింది. గని నుండి వచ్చినవారి స్నానానికి నీళ్ళు కాచి మోయడం, ఆ బట్టలు ఉతకడం, ఇల్లు మరల మరల తుడవడం స్త్రీల ఆరోగ్యాన్ని హరిస్తున్నవని ఆమె వివరించింది. 1926లో అక్కడ వచ్చిన చట్టం గనుల వద్ద స్నానశాలల నిర్మాణానికి నిధి సమకూర్చింది. మన దేశంలోనూ ఇట్టి స్నానశాలలకు 1959లో నియమాలు ఏర్పడినవి.

ఆ స్నానశాలల నిర్మాణంలో గొప్ప సూత్రమొకటి ఉన్నది. ఒక వైపు మురికి బట్టల అరలు, మరొక వైపు శుభ్రమైన బట్టల అరలు, నడుమ స్నానం. మురికి వస్తువు, శుభ్రమైన వస్తువు ఒకచోట కలియవు. ఇంటి ద్వారం వద్ద పాటింపవలసిన మొదటి సూత్రం ఇదే.

రెండవ సూత్రం మన గనిలోని దీపాల గది నేర్పుతుంది. బాయిలోకి దిగే ముందు కార్మికుడు తన నంబరు గల టోపీ దీపాన్ని తీసుకుంటాడు. పైకి వచ్చి మరల ఆ స్థానానికే చేరుస్తాడు. షిఫ్టు ముగిసిన తరువాత కూడా ఒక స్థానం ఖాళీగా ఉన్నదంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదేమోనని వెంటనే విచారిస్తారు. ప్రతి మనిషికి ఒక స్థానం, ప్రతి వస్తువు తిరిగి ఆ స్థానానికే — ఈ నియమం మీద గనిలో ప్రాణాలు ఆధారపడి ఉన్నవి. దానిని ఇంటి గడపకు తెచ్చుకొనుటకు ఖర్చు స్వల్పం.

ఇక ఆచరణ విధానం. తలుపు పూర్తిగా తెరుచుకొనుటకు, మనిషి సంచితో నడుచుటకు సుమారు రెండున్నర అడుగుల దారి విడువవలెను. మిగిలిన గోడ పక్కన ఒక అడుగు లోతున్న చోటు చాలును. నేల కొలత చిన్నదైనప్పుడు గోడ ఎత్తును వాడుకోవలెను.

గడప వెలుపల కొబ్బరి పీచు పట్టా, లోపల తడి పీల్చే గుడ్డ పట్టా వేయవలెను. పని బూట్లకు స్థలం వెలుపలనే. వానకు తడవకుండా పైన ఒక రేకు ముక్క ఉంటే చాలును. బూట్లను తొడుగుకొనే ముందు దులిపి చూడడం అలవాటు కావలెను. వాటిలో తేలు దూరవచ్చును. పని బట్టలకు మూత గల బుట్ట ఒకటి స్నానాల గదికి దగ్గరగా ఉంచి, వాటిని ఇతర బట్టలతో కలపకుండా ఉతకవలెను. ముందు గదిని పొడి చీపురుతో ఊడ్చుటకంటె తడి గుడ్డతో తుడుచుట మేలు. చీపురు లేపిన ధూళి మరల వస్తువుల మీదనే వాలుతుంది.

లోపలి చెప్పుల అరకు ఒక అడుగు లోతు ఉంటే సరిపోతుంది. పెద్దవారి జత ఒకటికి ఎనిమిది తొమ్మిది అంగుళాల వెడల్పు పడుతుంది. కనుక మూడడుగుల అరలో వరుసకు నాలుగు జతలు పట్టును. రెండు వరుసలైతే ఐదారుగురి ఇంటికి చాలును. అర పైభాగం బూట్ల తాళ్ళు కట్టుకునే పీటగా కూడా పనికివచ్చును. మోకాళ్ళ నొప్పులు గల ముసలమ్మకు అది ఎంతో సాయం.

గోడకు ఎక్కడపడితే అక్కడ మేకులు కొట్టరాదు. కంపెనీ క్వార్టరు ఒకనాడు అప్పగింపవలసినదే గదా! ఒకే చెక్క పలకకు కొక్కేలన్నీ బిగించి, ఆ పలకను రెండు మూడు చోట్ల మాత్రమే గోడకు పట్టించవలెను. పెద్దల కొక్కేలు ఐదడుగుల ఎత్తున, పిల్లలవి మూడడుగుల ఎత్తున ఉండవలెను. పిల్లవానికి అందని కొక్కెం పెట్టి, సంచి నేల మీద పడేశాడని కోపగించుట న్యాయం కాదు. కొక్కెం కింద ఎవరి పేరు వారిది తెలుగులోనో ఉర్దూలోనో వ్రాయవచ్చును; చిన్నపిల్లలకు బొమ్మ చాలును. తాళం చెవులకు ఒక్కటే మేకు, కరెంటు బిల్లుకు, ఆసుపత్రి కాగితాలకు ఒక్కటే సంచి ఉంటే అర్ధరాత్రి అవసరమైనా వెదకులాట ఉండదు.

షిఫ్టు మారే ఇంటికి చిన్న పలక ఒకటి అవసరం. ఈ వారం తండ్రి ఏ షిఫ్టులో ఉన్నారో దాని మీద వ్రాస్తే, వచ్చినవారు తలుపు మెల్లగా తడతారు. నిద్ర చాలని మనిషి పనిలో పొరపడితే ఎంత ప్రమాదమో గని కుటుంబాలకు చెప్పనక్కరలేదు.

చివరగా ఒక మాట. గడప వద్ద మనం చేయక వదలిన పని అక్కడితో నశించిపోదు. అది లోనికి నడిచి వచ్చి అమ్మ చేతి పనిగా మారుతుంది. మనం విసిరిన సంచిని ఆమె వంగి తీస్తుంది. మనం తెచ్చిన మట్టిని ఆమె తుడుస్తుంది. నలుగురు పాటించని నియమానికి మూల్యం ఒక్కరు చెల్లిస్తున్నారు. చదువుకున్న విద్యార్థులు సమానత్వమును గూర్చి వ్యాసాలు వ్రాయడం మంచిదే. దానికి ముందు, ఇంట అడుగిడగానే తన చెప్పులు తన అరలో, తన సంచి తన కొక్కేనికి చేర్చడం ఇంకా మంచిది. పలకకు, కొక్కేలకు అయ్యే ఖర్చు కొద్దిపాటిదే. అలవాటుకు అసలే ఖర్చు లేదు.