నెట్ పోయిందా, పెట్టె పోయిందా?

ఏలూరు పవర్‌పేటలోనైనా, కొల్లేటి లంక గ్రామంలోనైనా ఇంట్లో నెట్ ఆగితే మొదట జరిగేది ఒకటే. ఎవరో ఒకరు లేచి పెట్టె స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తారు. ఒక్కోసారి నెట్ వస్తుంది. రాకపోతే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ వెళుతుంది: "బాక్సు పోయినట్టుందండీ, కొత్తది పెట్టండి." ఆయన పెడతాడు. కొన్నాళ్లకు అదీ అదే దారి పడుతుంది.

పెట్టెలు చెడిపోతాయి, నిజమే. కాని వాటిని చెడగొట్టేవి, వాటి మీద నేరం మోపేవి ఎక్కువగా పెట్టె బయటే ఉంటాయి. ఆ సంగతి తెలియాలంటే ముందు ఈ పెట్టె చేసే పనేమిటో చూడాలి.

మనం రౌటర్ అని పిలిచేదాంట్లో నిజానికి నాలుగు పనిముట్లున్నాయి. ఒకటి ఓఎన్‌టీ (ఫైబర్‌లో వచ్చే వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చేది). రెండోది అసలు రౌటర్ (ఇంట్లోని ఫోన్లు, టీవీలన్నిటికీ ఒకే బయటి చిరునామా మీద దారి చూపేది). మూడోది వైఫై. నాలుగోది వెనక వైర్లు గుచ్చుకునే స్విచ్. ఈ నాలుగింటికీ ప్రాణం పోసేది గోడకు గుచ్చిన చిన్న అడాప్టర్. వీటిలో ఏది తప్పినా మనకు కనబడే ఫలితం మాత్రం ఒక్కటే: నెట్ రాదు.

ఇంతకుముందు ఈ తంటా తక్కువ మందికి ఉండేది. పాత బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ పట్నాల్లో కొన్ని ఇళ్లకే. ఫైబర్ ఊళ్లలోకి రావడంతో కథ మారింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను అన్నారు. ఖర్చు తగ్గించడానికి అప్పుడు తీసుకున్న నిర్ణయం ఒకటుంది. నేల తవ్వకుండా, కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 23,800 కిలోమీటర్ల ఫైబర్ లాగారు. తెలివైన నిర్ణయమే, అది లేకపోతే అంత తొందరగా అన్ని ఊళ్లకూ చేరేది కాదు. అయితే ఆనాటి నుంచి నెట్ తలరాత కరెంటు స్తంభంతో ముడిపడింది. ప్రైవేటు కంపెనీల తీగలూ చాలాచోట్ల గాల్లోనే ఉన్నాయి. గాలివాన, గడ్డి కట్టలు ఎత్తుగా వేసుకుని వెళ్లే ట్రాక్టరు, తీగ మీద పరిగెత్తే ఉడుత పళ్లు, అన్నీ దానికి గండాలే.

ఇక వెలుగు సంగతి. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ (వీధులన్నిటికీ వెలుగు పంపే పెద్ద పెట్టె) ఉంటుంది. దాని నుంచి వచ్చే ఒక్క ఫైబర్‌ను దారిలో స్ప్లిటర్ అనే చిన్న గాజు పరికరం 32 ఇళ్లకు, కొన్నిచోట్ల 64 ఇళ్లకు పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, వెలుగును చీల్చడమే దాని పని. 32 భాగాలు చేస్తే మన వంతుకు అందేది, దారి నష్టంతో కలిపి, మొదటి వెలుగులో సుమారు యాభయ్యో వంతు. ఆ కాస్త చాలు. కాని దాన్ని ఇంకా పోగొట్టుకునే మార్గాలు మనింట్లోనే ఉంటాయి. తీగ పొడుగైందని మేకుకు బిగించి చుడతారు. తలుపు సందులో నలిగేలా తెస్తారు. ఫైబర్ గట్టిగా వంగితే వెలుగు గాజు గోడ దాటి బయటికి కారిపోతుంది. తీగ చివరి పిన్ను మొన మీద దుమ్ము పడినా అంతే. ఆకుపచ్చ పిన్ను మొన కాస్త ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం పిన్నుది దాదాపు తిన్నగా ఉంటుంది. ఒకదానికొకటి కలిపితే అతికినట్టే కనబడుతుంది, వెలుగు మాత్రం చాలావరకు అక్కడే చచ్చిపోతుంది. (ఆ వెలుగు కంటికి కనబడదు. పిన్ను ఊడదీసి లోపలికి తొంగి చూడకండి.)

దీన్ని కొలిచే అంకె పెట్టెలోనే ఉంటుంది. చాలా పెట్టెల్లో ఫోన్‌లో 192.168.1.1 అని కొట్టి లోపలికి వెళితే, ఆప్టికల్ పవర్ అనే చోట మైనస్ గుర్తుతో ఒక సంఖ్య కనబడుతుంది. దాని కొలమానం డీబీఎం (అందే వెలుగు బలాన్ని చెప్పే లెక్క). మైనస్ 20 దగ్గర ఉంటే హాయి. మైనస్ 27 దాటితే మామూలు పెట్టె చదవలేదు. ఈ లెక్కలో 3 తగ్గడమంటే వెలుగు సగమవడం. కాబట్టి మైనస్ 20 కాస్తా మైనస్ 27 అయిందంటే ఐదో వంతు వెలుగే అందుతోందని అర్థం. సరిహద్దు దగ్గరున్న ఇంట్లో పగలు నెట్ వచ్చి రాత్రి పోవచ్చు, గాలి వీస్తే పోవచ్చు. అలాంటి ఇంట్లో ఎన్ని పెట్టెలు మార్చినా ప్రయోజనం లేదు. పూర్తిగా పోయినప్పుడు పెట్టె ముందు ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలుగుతుంది. అది వెలిగిందంటే ఇక మీరు స్విచ్ ఎన్నిసార్లు కొట్టినా ఒకటే, పెట్టెకు వెలుగే అందట్లేదు.

వెలుగు వ్యవహారంలో ఇంకో విచిత్రముంది. పైనుంచి వచ్చే మాట 32 ఇళ్లకూ ఒకేసారి వస్తుంది, ఎవరిది వాళ్లు విప్పుకుంటారు. ఇళ్ల నుంచి పైకి వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కో పెట్టెకు సెకనులో చాలా చిన్న భాగం వంతుగా ఇస్తారు. పెట్టె తన వంతులోనే వెలుగు వదలాలి, వెంటనే ఆపాలి. ఏదో ఒక ఇంట్లో పెట్టె చెడి, ఆపకుండా వెలుగు వదులుతూ కూర్చుందనుకోండి. గ్రామసభలో ఒక్కడు మైకు వదలకపోతే ఏమవుతుందో అదే అవుతుంది. ఆ స్ప్లిటర్ మీదున్న ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది. వీధంతా తమ తమ పెట్టెల్ని తిట్టుకుంటుంది. ఆపరేటర్ ఒక్కో పిన్ను ఊడదీసుకుంటూ పోయి ఆ ఒక్క ఇంటిని పట్టుకోవాలి.

నా దృష్టిలో ఈ ప్రాంతంలో పెట్టెల పెద్ద శత్రువు వెలుగు కన్నా కరెంటు. ఆకివీడు, భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులు ఎక్కువ. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. అప్పుడు ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే మోటార్లు) వరసగా ఆన్ అవుతాయి. ఒకే లైను మీదున్న ఇళ్లలో వోల్టేజి కుంగుతుంది. మోటార్లు ఆగినప్పుడు పైకి ఎగురుతుంది. ఈ ఒడుదుడుకులన్నీ ముందు తినేది అడాప్టర్.

పాడైన అడాప్టర్‌ను విప్పి చూస్తే కథంతా కనబడుతుంది. లోపల చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ చేసి, ఎగుడుదిగుళ్లు సరిచేసేవి) ఉంటాయి. వాటి తల చదునుగా ఉండాలి. పాతబడినవి పైకి ఉబ్బుతాయి, కొన్నిటి నుంచి గోధుమరంగు జిగురు కారి ఉంటుంది. వేడికి లోపలి ద్రవం చెడి వాయువు పుట్టడమే దానికి కారణం, క్రమంగా ఆ ద్రవం ఎండిపోతుంది కూడా. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. రోహిణి కార్తెలో టీవీ వెనక గాలాడని అరలో, ఇన్వర్టర్ పక్కన పెట్టిన అడాప్టర్ ఎన్నాళ్లుంటుందో మీరే ఊహించుకోండి.

ఇందులో మోసం ఏమిటంటే, అలాంటి అడాప్టర్ చచ్చినట్టు కనబడదు. విడిగా మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. పెట్టెకు తగిలించి నలుగురు వీడియోలు పెట్టగానే వోల్టేజి జారుతుంది, పెట్టె తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా నెట్ పోయే ఇళ్ల కథ చాలావరకు ఇదే. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు రెప్పపాటు ఖాళీ ఉంటుంది. కొత్త అడాప్టర్ దాన్ని తట్టుకుంటుంది, ఎండిన కెపాసిటర్ తట్టుకోలేదు. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే పిన్ను ఉన్న మంచి అడాప్టర్ మారిస్తే 'పోయిన' పెట్టె మళ్లీ బతకడం మెకానిక్‌లకు తెలిసిన సంగతే. 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెడితే ఇంకా మేలు.

కొల్లేటి ఊళ్లకు ఇది చాలక ఇంకో బెడద ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక, ఆ నీరు కొల్లేరుకు చేరి లంక గ్రామాలను చుట్టుముట్టింది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇలాంటప్పుడు ప్రమాదం జరగకుండా కరెంటు వాళ్లే సరఫరా ఆపుతారు. ఫైబర్ తెగకపోయినా ఆపరేటర్ గదిలో బ్యాటరీ అయిపోగానే ఓఎల్‌టీ ఆగుతుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, పెట్టెకు కరెంటు అందుతున్నా అవతల వెలుగు పంపేవాడు ఉండడు. నల్లరేగడి బురదలో నానిన స్తంభం తర్వాత ఒరుగుతుంది, తీగ బిగుసుకుంటుంది, వెలుగు తగ్గుతుంది. నీరు తీసిన చాలారోజులకు పుట్టే సమస్య కాబట్టి దాన్ని వరదతో ఎవరూ ముడిపెట్టరు.

వైఫై గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటుతుంది, కాని ఒకదానికొకటి అడ్డురాని దారులు అందులో మూడే. తాడేపల్లిగూడెం అపార్ట్‌మెంట్‌లో పాతిక పెట్టెలు ఆ మూడింటి మీదే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో దారులెక్కువ, కాని గోడ దాటేసరికి బాగా బలహీనపడుతుంది. పెట్టె పక్కనే నిలబడితే నెట్ బాగుండి పడగ్గదిలో రాకపోతే తప్పు గోడది.

మరి స్విచ్ ఆపి వేస్తే ఎందుకు బాగవుతుంది? చవక పెట్టెల్లో జ్ఞాపకశక్తి తక్కువ. ఏ ఫోను ఏ సైటుతో మాట్లాడుతోందో పెట్టె ఒక పట్టిక రాసుకుంటుంది. చెరువు గట్టు కెమెరా, టీవీ, నాలుగు ఫోన్లు కలిసి ఆ పట్టికను నింపేస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు అయిపోయిన వరసలను సరిగా చెరపవు. స్విచ్ ఆపితే పలక తుడిచినట్టవుతుంది. వారానికోసారి ఇలా చేయాల్సి వస్తే తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌దే. దాన్ని కొత్తది చేయాల్సింది కంపెనీ. కంపెనీ ఇచ్చిన పెట్టెల్లో ఆ తలుపు మనకు మూసే ఉంటుంది.

పాస్‌వర్డ్ మార్చుకోవడం మాత్రం చాలావరకు మన చేతుల్లోనిదే. 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లను ఒక వైరస్ పట్టుకుంది. ఫ్యాక్టరీలో పెట్టిన 'అడ్మిన్' పాస్‌వర్డ్ మార్చని మోడెమ్‌లలోకే అది చొరబడింది. పెట్టె కాలిపోలేదు, తీగ తెగలేదు, నెట్ మాత్రం పోయింది. పాస్‌వర్డ్‌లు మార్చుకోండని బీఎస్ఎన్ఎల్ అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

ఇంతకీ బాధ్యత ఎవరిది? స్తంభం, కరెంటు విద్యుత్ సంస్థవి. తీగ, పెట్టె చాలాచోట్ల కంపెనీవో ఆపరేటర్‌వో. గోడ మనది. 2024 ఆగస్టులో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) తెచ్చిన నిబంధనల ప్రకారం, ఒక జిల్లాలో సేవ 24 గంటలకు మించి ఆగితే వినియోగదారుడికి ఆ మేరకు పరిహారం ఇవ్వాలి. మంచిదే. కాని అది జిల్లా స్థాయిలో ఆగినప్పటి మాట. రోజుకు నాలుగుసార్లు రీస్టార్ట్ అయ్యే పెట్టె ఆ లెక్కకు అందదు.

ఆపరేటర్ దగ్గర ఒక ఆధారం ఉంటుంది. కరెంటు పోయిన ఓఎన్‌టీ, తనలో మిగిలిన కాస్త శక్తితో చివరి కబురు పంపి ఆగిపోతుంది. దాన్ని ఆ రంగంలో డైయింగ్ గ్యాస్ప్ (చివరి ఊపిరి) అంటారు. కబురు వస్తే పోయింది కరెంటు. రాకుండా మాయమైతే తీగ మీద అనుమానపడాలి. ఓఎల్‌టీ తెర ముందు కూర్చున్నవాడికి ఇది తెలిసిపోతుంది. కాని ఊళ్లో తిరిగే అబ్బాయి చాలాసార్లు ఆ తెర చూడడు, మీ ఫోన్ మాటే వింటాడు. "నెట్ రావట్లేదు" అంటే అతనికి ఏమీ తెలియదు. ఎర్ర లైటు ఉందా లేదా, ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోందా, ఆప్టికల్ పవర్ ఎంత చూపిస్తోంది, పక్కింట్లో వస్తోందా అన్న నాలుగు ముక్కలు చెబితే, బయల్దేరేటప్పుడు స్ప్లైసింగ్ మెషిన్ (తెగిన ఫైబర్‌ను అతికించేది) పట్టుకోవాలో, అడాప్టర్ జేబులో వేసుకోవాలో అతనికి తెలుస్తుంది.