ఒక పెట్టె, మూడు మీటర్లు

మీ పాఠశాల ప్రయోగశాలలో అమ్మీటరు, వోల్టుమీటరు విడివిడిగా ఉంటాయి కదా! మల్టీమీటరు సంగతి అలా కాదు. మధ్యనున్న మీట తిప్పితే చాలు, అదే పెట్టె అమ్మీటరవుతుంది, వోల్టుమీటరవుతుంది, నిరోధాన్ని కొలిచే ఓమ్‌మీటరూ అవుతుంది. బ్రిటన్‌లో ఒకప్పుడు టెలిఫోన్ లైన్లు కూడా తపాలా శాఖ కిందే ఉండేవి. ఆ శాఖలో పనిచేసిన డొనాల్డ్ మకాడీ అనే ఇంజనీరు, పనికి వెళ్లినప్పుడల్లా ఇన్ని మీటర్లు మోయలేక విసుగెత్తి ఇలాంటి పరికరాన్ని తయారుచేశాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. ఆంపియర్, వోల్ట్, ఓమ్ అనే మాటల మొదటి ఇంగ్లీషు అక్షరాలు కలిపి దానికి ‘ఆవో’ మీటరు అని పేరు పెట్టారు.

మోత తగ్గింది, బాగానే ఉంది. కాని చేతిలో ఉన్నది ప్రస్తుతం ఏ మీటరో మరచిపోతే?

ముల్లు ఉన్న మల్టీమీటరు లోపల ఒక సున్నితమైన గాల్వనామీటరు ఉంటుంది. వోల్టులు కొలిచేటప్పుడు దానితో పెద్ద నిరోధం శ్రేణిలో కలుస్తుంది. మీటరు మీద ‘వోల్టుకు 20,000 ఓమ్‌లు’ అని రాసి ఉందనుకోండి. 50 వోల్టుల స్థానంలో దాని మొత్తం నిరోధం 10 లక్షల ఓమ్‌లు. దాన్ని 12 వోల్టుల మోటారు సైకిలు బ్యాటరీకి తగిలిస్తే ప్రవహించేది 12 మైక్రో ఆంపియర్లే.

ఇప్పుడు మీటను ఆంపియర్ల వైపు తిప్పండి (చేతులతో వద్దు, ఊహలోనే!). అమ్మీటరుకు నిరోధం వీలైనంత తక్కువ ఉండాలి. అందుకని గాల్వనామీటరుకు సమాంతరంగా చాలా చిన్న నిరోధం కలుస్తుంది. తీగలతో సహా మొత్తం 0.1 ఓమ్ అనుకుందాం. అదే బ్యాటరీకి తగిలిస్తే, ఓమ్ నియమం ప్రకారం 120 ఆంపియర్లు! అంటే ఇందాకటి కన్న కోటి రెట్లు. బ్యాటరీ తన అంతర్నిరోధం వల్ల అంతా ఇవ్వలేకపోవచ్చు. అయినా మీటరు మాడడానికి అందులో కొంత చాలు.

అక్కడ కాపాడేది ఫ్యూజు. అది పోయినప్పుడు వెండి కాగితం చుట్టడం, రాగి తీగ పెట్టడం మనవాళ్లకు అలవాటు. ఇంటి ఫ్యూజులోనే అది తప్పు, చేతిలో పట్టుకునే పరికరంలో మరీ తప్పు. మంచి మీటర్లలో ఇసుక నింపిన పింగాణీ గొట్టపు ఫ్యూజు ఉంటుంది. తీగ కరిగినప్పుడు పుట్టే మెరుపును ఆ ఇసుక ఆర్పుతుంది. చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రం పక్కన చిన్న అక్షరాలతో ‘అన్‌ఫ్యూజ్డ్’ అని ఉంటుంది, చూడండి. ఆ దారిలో ఫ్యూజే లేదన్నమాట! ఎర్ర తీగ ఆ రంధ్రంలో ఉండగా ఎవరైనా 230 వోల్టుల ప్లగ్గులో మొనలు పెడితే పెద్ద మెరుపు లేచి చేతులు, ముఖం కాలవచ్చు. కాబట్టి ఆంపియర్లు కొలవడం కాగానే ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలోకి మార్చి కాని మీటరును కింద పెట్టకండి. మీ తరువాత దాన్ని తీసుకునేది మరొకరు కావచ్చు. ఇక ఇంటి కరెంటు జోలికి మీరు అసలు వెళ్లవద్దు. అది ఉపాధ్యాయులకో, ఎలక్ట్రీషియన్‌కో వదిలెయ్యండి.

మీటరు సున్నా చూపితే కరెంటు లేదనుకోవచ్చా? తీగ లోపల తెగినా సున్నాయే వస్తుంది! అనుభవమున్న వాళ్లు ముందు తెలిసిన బ్యాటరీ మీద మీటరును పరీక్షిస్తారు, తరువాత అసలు వలయం చూస్తారు, మళ్లీ బ్యాటరీ మీద చూస్తారు.

ఓమ్‌లు కొలిచేటప్పుడు వలయానికి కరెంటు పూర్తిగా తీసెయ్యాలి. ఎందుకంటే అప్పుడు మీటరే తన లోపలి ఘటం నుంచి కరెంటు పంపి కొలుస్తుంది. బయటి కరెంటు తోడైతే కొలత తప్పడమే కాదు, మీటరూ పాడవుతుంది. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో విద్యుదావేశం మిగిలి ఉండవచ్చు. పాత టీవీలలో అది ప్రమాదకరం కూడా.

ఎంత వోల్టేజి ఉందో తెలియనప్పుడు పెద్ద స్థానంతో మొదలుపెట్టి కిందికి దిగండి. స్కేలు వెనుక అద్దం పట్టీ ఉంటే, ముల్లూ దాని ప్రతిబింబమూ ఒకటిగా కనబడే చోటి నుంచి చదవండి. సెలవులకు ముందు ఘటాలు తీసెయ్యండి. లేకపోతే అవి కారి లోపలి రేకులను తినేస్తాయి.

మీ బడిలో రెండు మీటర్లుంటే ఒక తమాషా చూడవచ్చు. ముల్లు మీటరును ఓమ్‌లలో ఉంచి, దాని రెండు మొనల మధ్య వోల్టేజిని రెండో మీటరుతో కొలవండి. చాలా ముల్లు మీటర్లలో నల్ల తీగే ధనధ్రువమని తేలుతుంది! అంకెల మీటరులో మామూలుగా ఎర్ర తీగే ధనధ్రువం. డయోడును పరీక్షించే ముందు మీ మీటరు ఏ రకమో చూసి పెట్టుకోండి.