ఏడో రోజున మళ్లీ చూడాలి

లేవీయకాండం 13వ అధ్యాయం రాగానే చాలామంది విశ్వాసులు పేజీలు తిప్పేస్తారు. పొడలు, వాపులు, తెల్లబడిన వెంట్రుకల వర్ణనలో ఆత్మీయత ఏముందిలే అనుకుంటారు. కానీ 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆ అధ్యాయం మన వీధుల్లోకే వచ్చి నిలబడింది. అనుమానం ఉన్నవాణ్ణి ఏడు రోజులు కడగా ఉంచాలి. ఏడో రోజున యాజకుడు మళ్లీ చూడాలి. తేలకపోతే మరో ఏడు రోజులు. ఇది కొవిడ్ గురించిన ప్రవచనమని కొందరు అన్నారు గానీ, నేను ఆ మాట అనను. తెగులు వచ్చినప్పుడు దూరం పాటించడం అవిశ్వాసం కాదని మాత్రం ఈ అధ్యాయం తేటగా చెబుతోంది.

ఆ ఏడాది ఏప్రిల్ 12న ఈస్టర్ పండుగకు మందిరాల్లో జనం లేరు. తెలంగాణలో జూన్ 8న గానీ ప్రార్థనా స్థలాలు తెరుచుకోలేదు. దేవుడు కాపాడడా, మందిరం మూయడమెందుకు అన్న ప్రశ్న మా బాన్సువాడ వంటి చిన్న పట్టణాల్లోనూ వినబడింది. రేపు మరో తెగులు వస్తే మళ్లీ వినబడుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న 61 మంది గాయకులు ఒకచోట చేరి రెండున్నర గంటలు పాటలు సాధన చేశారు. వారిలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. ఆ వ్యక్తితో కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు. వారు చేసిన తప్పేముంది? పక్కపక్కన కూర్చుని గొంతెత్తి పాడారు, అంతే. స్తుతి పాడే గొంతులోనుంచి వచ్చేదీ ఊపిరే కదా!

మన దగ్గరి లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలో రోగులను కలిసిన 5,75,071 మందిని పరీక్షించి, ఆ వివరాలను 2020లోనే శాస్త్రజ్ఞులు ప్రచురించారు. నూటికి 71 మంది రోగుల నుంచి మరెవరికీ సోకినట్టు కనబడలేదు. కొద్దిమంది నుంచే చాలామందికి పాకింది. ఒకే వాహనంలో ఆరు గంటలు, ఆపైన దగ్గరగా కూర్చున్నవారిలో దాదాపు 80 శాతానికి సోకింది. ఇంట్లో కలిసినవారిలో అది 9 శాతం, బయట కలిసినవారిలో 2.6 శాతం. అంటే మూసిన చోట ఎక్కువసేపు గుమిగూడడం ఆపితే తెగులు నడుం సగం విరిగినట్టే. ఇంటి లోపల మాత్రం దూరం అంతగా పనిచేయదు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే కుటుంబానికి ఆరడుగుల దూరం చెప్పడం తేలికే!

ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో ఫిలడెల్ఫియా నగరం సెప్టెంబరు 28న పెద్ద ఊరేగింపు జరిపింది. సెయింట్ లూయిస్ నగరం రోగం కనబడిన కొద్దిరోజులకే బడులు, చర్చీలు మూసింది. తెగులు ఉధృతంగా ఉన్న వారంలో మొదటి నగరంలో లక్షకు 257 మంది, రెండో నగరంలో 31 మంది చనిపోయారు.

అయితే దూరానికి గడువు ఉండాలి. 2016 దాకా బాన్సువాడ, డిచ్‌పల్లి రెండూ నిజామాబాద్ జిల్లాలోనివే. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్, హిందువైన రాజా నర్సాగౌడ్ ధనసహాయంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచారు. ఊళ్లు వెలివేసినవారి దగ్గరికి వాళ్లు నడిచి వచ్చారు. లేవీయకాండం 14వ అధ్యాయంలోనూ అంతే, రోగి లోపలికి రాకూడదు గనుక యాజకుడే పాళెం వెలుపలికి వెళ్లి చూడాలి.

నిజానికి కుష్ఠు అంత తేలికగా అంటుకునేది కాదు. 1980ల నుంచి దాన్ని పూర్తిగా నయం చేసే మందులున్నాయి, మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే రోగి నుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. అయినా క్రైస్తవుల విడాకుల చట్టంలో ఆ రోగం 2019 దాకా ఒక కారణంగా నిలిచే ఉంది. ఏడో రోజున వెళ్లి మళ్లీ చూడవలసిన యాజకుడు అన్నేళ్లూ ఎక్కడున్నాడు?